రెండు సీసీలు ఎక్కువైన ఫియట్

పోయిన దసరా ముందు మా మేనల్లుడు టెక్సాస్ నుంచి ఫోన్ చేశాడు. పండగ కబుర్లు అయినాక అసలు సంగతి బయటపెట్టాడు. రెండేళ్ల కింద పాత మాజ్దా మియాటా ఒకటి కొన్నాడు. సెలవు రోజుల్లో ఖాళీ పార్కింగ్ లాట్‌లో ప్లాస్టిక్ కోన్లు పెట్టి నడిపే ఆటోక్రాస్ పోటీలకు దాన్ని తీసుకుపోతున్నాడు. ఈ ఏడాది తన క్లాసులో పాయింట్ల పట్టికలో రెండో స్థానం వాడిదే. మొన్న ఆయిల్ మార్చడానికి కారు కింద దూరితే, వెనక యాంటీ రోల్ బార్ కంపెనీది కాదని కనబడింది. ముందుది మార్చినట్టు వాడికి ముందే తెలుసు. అది రూలు ఒప్పుకున్నదే. వెనకది కూడా ఇంతకుముందు యజమాని ఎప్పుడో మార్చేసినాడు. వాడి క్లాసులో రెండింటిలో ఒక్కటే మార్చవచ్చు. "ఎవరికీ తెలీదు. ఎవరూ చూడరు కూడా. ఏం చేయమంటారు?" అని అడిగాడు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది. పక్క కుర్చీలో కూర్చున్న మా చిన్నాయన గట్టిగా నవ్వేశాడు. "మళ్లీ ఫియట్ కథేరా ఇది" అన్నాడు.

ఆ ఫియట్ సంగతి మా ఇంట్లో పెద్దలకు మాత్రమే తెలుసు. పిల్లలకు ముక్కలు ముక్కలుగా వినబడి ఉంటుంది. అందుకే ఇక్కడ పూర్తిగా రాసి పెడుతున్నాము. చాంపియన్ రీఫ్స్ నుంచి బయటికి వచ్చి బెంగళూరు, చెన్నై, ఇంకా దూరం పోయిన మనలాంటి ఇళ్లలో ఇట్లాంటివి రాసిపెట్టకపోతే పోతాయి.

ముందు ఆటోక్రాస్ అంటే ఏమిటో చెప్పాలి. ఇంగ్లండులో ఆ మాటకు గడ్డి మైదానంలోనో మట్టి బయలులోనో గీసిన దారి మీద గడియారంతో పోటీ పడడమని అర్థం. 1950లు, 60లలో అక్కడ బాగా సాగింది. మన దేశంలోకి వచ్చింది ఆ అర్థమే, కాబట్టి మన ఆటోక్రాస్ ఎప్పుడూ దుమ్ము ఆటే. అమెరికాలో అదే పేరుతో తారు నేల మీద, కోన్ల మధ్య, ఒక్కో కారు ఒక నిమిషం అటూఇటూగా తిరిగి వస్తుంది. ఒక కోను పడిందా, రెండు సెకన్లు కలుపుతారు. నేల ఏదైనా ఆట ఒకటే. పెద్ద రేసు ట్రాకు అక్కర్లేదు, డబ్బు పెట్టే కంపెనీ అక్కర్లేదు. రోజూ ఆఫీసుకు తోలుకుపోయే కారుతోనే దిగవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఒకడు చిన్న కారు తెస్తాడు, ఇంకొకడు పెద్దది తెస్తాడు, మూడోవాడు చిన్న కారు లోపల పెద్ద పని చేయించి తెస్తాడు. ముగ్గురినీ ఒకే వరసలో నిలబెడితే ఎవడి చేయి గొప్పదో ఎట్లా తెలుస్తుంది? క్లాసులు పుట్టింది ఈ ప్రశ్నకు జవాబుగానే.

మా తాత చాంపియన్ రీఫ్స్ గనిలో ఫిట్టర్. చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. కేజీఎఫ్ అంటే లోకానికి బంగారం. మాకు మాత్రం అది వర్క్‌షాపుల ఊరు. జాన్ టేలర్ అండ్ సన్స్ 1880లో ఇక్కడికి వచ్చినప్పటినుంచి గనిలో ఏది విరిగినా ఇక్కడే బాగుచేయాలి, వేరే దారి లేదు. శివనసముద్రం నుంచి 1902లో ఇక్కడికి కరెంటు వచ్చింది. బెంగళూరు వీధుల్లో ఎలక్ట్రిక్ దీపాలు వెలిగింది ఆ తర్వాతే. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతుకు మనుషులను దింపే కేజీ ఒక తాడు మీద వేలాడుతుంటుంది. ఆ తాడు చుట్టుకునే యంత్రంలో బేరింగు ఎంత అరిగింది, పిన్ను ఎంత సన్నబడింది అని కొలిచి పుస్తకంలో రాసేది మా తాతలాంటి వాళ్లు. అంకె తప్పు రాస్తే ఎవరి ఇంట్లో దీపం ఆరిపోతుందో తెలిసిన వాళ్లు. ఆ అలవాటే తర్వాత ఫియట్ కథలో అడ్డం వచ్చింది.

1970ల చివర్లో తాత, ఆయన స్నేహితులు ఇద్దరు కలిసి టాక్సీగా తిరిగి తిరిగి మూలపడిన ఫియట్ 1100 ఒకటి కొన్నారు. అమ్ముకుందామనే కొన్నారు. చిన్నాయనకు అప్పుడు ఇరవై రెండేళ్లు. బెంగళూరులో ఎవరో స్నేహితుడు ఆటోక్రాస్ చూపించాడు. అప్పటినుంచి ఆ కారు అమ్మనివ్వలేదు.

ఆ రోజుల్లో మన దేశంలో కారు అంటే మూడే పేర్లు. ఉత్తర్‌పారా నుంచి వచ్చే అంబాసిడర్ 1489 సీసీ. బొంబాయి ప్రీమియర్ వాళ్ల ఫియట్ 1089 సీసీ. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ 948 సీసీ. ఇంజన్ సైజును బట్టి గీతలు గీస్తే మూడూ మూడు గదుల్లో చక్కగా సర్దుకుంటాయి. మద్రాసు నుంచి నెల్లూరు పోయే దారిలో, యుద్ధకాలంనాటి షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడిపిన రేసుల్లో ఈ కార్లన్నీ ఎంతగా మారిపోయి కనబడేవో చిన్నాయన ఇప్పటికీ చెబుతాడు. బరువు తగ్గించడానికి సీట్లు పీకేసిన ఫియట్లు, రెండు కార్బురేటర్లు తగిలించిన హెరాల్డులు. హెరాల్డ్ తేలికే కానీ, జోరుగా మలుపు తిప్పితే దాని వెనక చక్రం లోపలికి ముడుచుకుంటుంది. అంబాసిడర్‌కి బలముంది, బరువూ ఉంది. మట్టి మీద ఫియట్ హాయిగా ఉంటుందని ఆయన అభిప్రాయం. (హెరాల్డ్ వాళ్లు ఇది ఒప్పుకోరు. ఒప్పుకోవాలని మేమూ అనుకోము.)

విదేశీ స్పేర్ పార్టులు లైసెన్సు లేకుండా దొరకని కాలం. కొనడానికి ఏమీ లేదు కాబట్టి, వేగం కావాలంటే చేత్తో చేసుకోవాలి. తాత మొదట సిలిండర్ హెడ్ మీద పడ్డాడు. ఫియట్‌లో ఒక్కో సిలిండర్ 272 సీసీ. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని మీద మిగిలే చోటు, మాటకు, 42 సీసీ అనుకోండి. కంప్రెషన్ ఏడున్నర అవుతుంది. హెడ్ అడుగును మిషన్ మీద పలచగా చెక్కి ఆ చోటు నాలుగు సీసీలు తగ్గిస్తే ఎనిమిది దాటుతుంది. అదే పెట్రోలు, అదే కార్బురేటర్, అయినా లాగుడు పెరుగుతుంది. ఎక్కువ చెక్కితే పెట్రోలు ముందే అంటుకుని ఇంజన్ లోపల గులకరాళ్లు కొట్టినట్టు చప్పుడు వస్తుంది, కొన్నాళ్లకు పిస్టన్ చిల్లుపడుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం. తర్వాత గాలి లోపలికి పోయే దారుల్లో పోత గరుకును ఆకురాయితో, ఎమరీ కాగితంతో నున్నగా చేశాడు. అన్నిటికీ కలిపి ఖర్చు అయింది ఎమరీ కాగితాలకే. రాబర్ట్‌సన్‌పేటలో లేత్ షాపు పెట్టుకున్న స్నేహితుడికి బదులుగా రెండు ఆదివారాలు పని చేసిపెట్టాడు. కంపెనీ లేత్ మీద సొంత పని చేసినాడని ఎవరూ అనకూడదని ఆ జాగ్రత్త.

పోటీ బెంగళూరు శివారులో ఒక బయలు మీద. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచాలన్న షరతు లేదు, ఇంజన్ పని చేసుకోవచ్చు. ఒక్క గీత మాత్రం దాటకూడదు: ఈ క్లాసు 1100 సీసీ వరకే. పొద్దున్నే ఫారం ఇచ్చారు. కారు పేరు, నడిపేవారి పేరు, ఇంజన్ సీసీ, బోరు, స్ట్రోకు. చిన్నాయన హెల్మెట్ అరువు తెచ్చుకోవడానికి పోయాడు. ఫారం నింపింది తాత. బోరు అన్న చోట 68.4 అని రాసి, సంతకం చేసి ఇచ్చేశాడు.

ఫియట్ అసలు బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75. లెక్క కడితే 1089 సీసీ చిల్లర. ఆ కారు టాక్సీగా ఉన్నప్పుడే సిలిండర్లు అరిగి, పొగ కక్కుతుంటే, ఎవరో బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేయించారు. అందరూ చేయించే రిపేరే. తేడా 0.4 మిల్లీమీటరు, అంటే గోడకు ఒక పక్క రెండు కాగితాల మందం. ఇప్పుడు లెక్క కడితే 1102 సీసీ. బోరు 68.2 దగ్గర ఆగి ఉంటే 1096 వచ్చేది, ఏ గొడవా లేదు. ఆ రెండో రిపేరుతో గీత దాటిపోయింది.

స్క్రూటినీ చేసే ఆయన కాగితం మీద లెక్క వేసి, తలెత్తి చూసి, మర్యాదగానే చెప్పారట. ఈ కారు పై క్లాసులోకి పోవాలి అని. పై క్లాసు అంటే అంబాసిడర్లతో, వాటికన్నా పెద్ద వాటితో. స్నేహితులు తాత మీద విరుచుకుపడ్డారు. "68 అని రాస్తే పోయేది కదప్పా! ఇంజన్ విప్పి చూసేవాడు ఎవడు?" తాత ఒకటే మాట అన్నాడని చిన్నాయన చెబుతాడు. "నేను కొలిచింది 68.4. ఇంకేమని రాసేది?"

ఆ రోజు పై క్లాసులోనే నడిపారు. ఎన్నో స్థానం వచ్చిందో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. చిన్నాయన ఏడో స్థానం అంటాడు. అప్పుడు పక్కనే ఉన్న మా నాయన తొమ్మిది అంటాడు. ఎట్లైనా కప్పు రాలేదు.

తిరిగి వచ్చినాక తాత నెల రోజులు ఆ ఇంజన్‌తోనే కూర్చున్నాడు. సిలిండర్లను ఇంకా పెద్దవి చేసి, లోపల ఇనుప స్లీవులు దిగ్గొట్టి, వాటిని మళ్లీ సరిగ్గా 68కి బోరు చేశాడు. రెండు సీసీలు తగ్గించుకోవడానికి బోరు పెంచడం కన్నా నాలుగింతల పని. ఆ తర్వాతి ఏడాది అదే బయలులో 1100 క్లాసులో దిగారు. ఫారంలో 68.0 అని రాశాడు. ఆ సున్నా కూడా వేశాడట.

ఇక్కడ రూలు తప్పా, కారు తప్పా అని మా ఇంట్లో రెండు పార్టీలు. చిన్నాయన వాదన ఇది: ముసలి ఇంజన్‌కు వైద్యం చేయించినందుకు శిక్ష ఏమిటి? 1982లో అంతర్జాతీయ సమాఖ్య గ్రూప్ ఎన్, గ్రూప్ ఎ అని కొత్త వర్గాలు పెట్టినప్పుడు ఈ సంగతి వాళ్లకూ తట్టింది. గ్రూప్ ఎలో 0.6 మిల్లీమీటరు వరకు బోరు పెంచుకోవచ్చు, కానీ ఆ పెంపుతో క్లాసు గీత దాటకూడదు అని రాశారు. అంటే ఆ రూలు పుస్తకం ప్రకారం చూసినా తాత ఫియట్ బయటే ఉండేది. మా నాయన ఇది చూపించి గెలిచానంటాడు. మా లెక్కలో నాయనదే సరి. గీత అన్నాక ఎక్కడో ఒకచోట గీయాలి, ఎక్కడ గీసినా దాని అవతల ఒక రెండు సీసీల వాడు నిలబడి ఉంటాడు.

సీసీ ఒక్కటే కొలత కాదని తర్వాత తేలింది. టర్బో పెట్టిన చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్లను చితగ్గొడుతుంటే, దాని సీసీని 1.4తో, తర్వాత 1.7తో హెచ్చించి క్లాసు నిర్ణయించారు. మన దేశంలో 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి లెక్కలన్నీ తారుమారు చేసింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు చక్రాలకు బలం, ఒళ్లు తేలిక. అంతకుముందు పెద్ద ఇంజన్‌దే రాజ్యం అనుకున్నవాళ్లు మలుపుల్లో దాని వెనక దుమ్ము తిన్నారు.

ఆ మారుతి ఇంజన్‌నే తీసుకుని ఇంకో జవాబు చెప్పినాయన మనవాడే. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు నాయుళ్ల మిల్లు కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్. 1980ల చివర్లో ఆయన గొట్టాల చట్రం మీద మారుతి ఇంజన్ పెట్టి ఒంటి సీటు రేసు కార్లు కట్టించాడు. అందరికీ అదే ఇంజన్, అదే చట్రం. క్లాసుల తగాదా మొదట్లోనే తుంచేశాడన్నమాట. ఫార్ములా మారుతి అనేవారు. 1995లో ఆయన చిన్న విమానం కూలి పోయాడు. ఆయన పేరు మీదే కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో 2003లో కరి మోటార్ స్పీడ్‌వే తెరిచారు. అదే ఊరి తెలుగు ఇళ్ల నుంచి వచ్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ దాకా పోయాడు. మా కోలార్ జిల్లా వైపు అట్లాంటి ఇల్లు ఏదీ లేదు. మాకు ఉన్నవి లేత్‌లు, చేతులు.

ఇప్పుడు మా మేనల్లుడి ఊరి రూళ్లు. ఎస్‌సీసీఏ అనే అమెరికా క్లబ్బు 1944లో పుట్టింది. దాని ఆటోక్రాస్ జాతీయ పోటీలు 1973 నుంచి జరుగుతున్నాయి. అక్కడ ఇంజన్ సైజు గీతలు కాదు. ఏ మోడల్ ఏ క్లాసో పేరు పేరునా రాసి ఉంటుంది. దాని మీద, ఎంత మార్చారన్నదాన్ని బట్టి మెట్లు. అన్నిటికన్నా కింది మెట్టు స్ట్రీట్. 2014 దాకా దీన్ని స్టాక్ అనేవారు. అప్పట్లో స్టాక్ అంటూనే ఒక్క రోజు పోటీకి రేసు టైర్లు మార్చుకునేవారు, వాటికే బోలెడు డబ్బు. ఆ ఏడాది నుంచి వాటిని తీసేశారు. ఇప్పుడు టైరు పక్కన అచ్చువేసిన ట్రెడ్‌వేర్ అంకె 200కు తగ్గకూడదు. బ్రేకు ప్యాడ్లు, షాకబ్సర్లు, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ భాగం మార్చుకోవచ్చు. యాంటీ రోల్ బార్ ముందుదో వెనకదో ఒక్కటి. మిగతా వాటికి సూత్రం ఒక్కటే: చేయవచ్చని రాసి ఉంటేనే చేయాలి, రాయకపోతే చేయకూడదు. ఒక మెట్టు పైన ఉన్న స్ట్రీట్ టూరింగ్‌లో స్ప్రింగులు, వెడల్పు చక్రాలు, ఇంజన్ కంప్యూటర్ దాకా ముట్టుకోవచ్చు.

ఇది చదివినప్పుడు మాకు ఒక ముల్లు గుచ్చుకుంది. మేనల్లుడి క్లాసులో పాత మియాటా ఖరీదుతో సమానమైన షాకబ్సర్లు కొని బిగించుకోవడానికి అడ్డు లేదు. తాతలాగా హెడ్ చెక్కి, దారులు నున్నగా చేస్తే మాత్రం ఆ రోజే బయటికి. కొనడం ఒప్పు, చేయడం తప్పు! దీనికి కారణం లేకపోలేదు. బయట బిగించింది కంటికి కనబడుతుంది, ఇంజన్ లోపల ఆకురాయితో చేసింది విప్పితే తప్ప కనబడదు. ప్రతి వారం విప్పి చూసే ఓపిక ఏ క్లబ్బుకు ఉంటుంది? అర్థమైంది. అయినా ఎమరీ కాగితాల ఖర్చుతో వేగం సంపాదించిన మనిషికి ఆ క్లాసులో చోటు లేకపోవడం మాకు నచ్చలేదు. డబ్బు గెలవకూడదని పెట్టిన గీత, డబ్బుకు ఒక సందు వదిలి పనితనానికి తలుపు మూసింది. షోలవరం రోజుల్లో ఇది తలకిందులుగా ఉండేది. అప్పుడు చేతిలో పని ఉన్నవాడిదే పైచేయి.

క్లాసులన్నిటినీ కలిపి చూడడానికి అక్కడ ఒక గుణకాల పట్టిక కూడా ఉంది, ప్యాక్స్ అంటారు. వేగమైన క్లాసుకు పెద్ద అంకె, నెమ్మది క్లాసుకు చిన్నది. ఉదాహరణకు 0.8 గుణకం ఉన్న కారు 50 సెకన్లలో తిరిగివస్తే దాన్ని 40గా లెక్క కడతారు. చిన్నాయనకు ఇది చాలా నచ్చింది. ఆ పట్టిక అప్పుడు ఉండి ఉంటే ఫియట్ గతి ఏమయ్యేదో అని కాగితం మీద లెక్కలు వేస్తూ కూర్చున్నాడు. పాత టైములు గుర్తులేక మధ్యలో ఆపేశాడు.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తాత అప్పటికి లేడు. ఫియట్ అంతకు చాలా ముందే అమ్ముడుపోయింది, నాయన కాలేజీ బాకీలకు. సైనేడ్ దిబ్బలు మిగిలాయి. కుర్రాళ్లు వాటి మీద మోటార్‌సైకిళ్లు ఎక్కించేవాళ్లు, ఆ దుమ్ము ఒంట్లోకి పోతుందని అవ్వ అరిచేది. ఇప్పుడు కోలార్ దగ్గరే, 2015లో డకార్ ర్యాలీ పూర్తి చేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ పెట్టిన బిగ్ రాక్ డర్ట్ పార్క్ ఉంది. మట్టిలో బండి తోలడం డబ్బు కట్టి నేర్చుకోవచ్చు. అవ్వ వింటే నవ్వేది.

మళ్లీ ఫోన్ దగ్గరికి. మేనల్లుడు జవాబు కోసం కాచుకుని ఉన్నాడు. చిన్నాయన ఫోన్ దగ్గరికి లాక్కుని అడిగాడు. "ఏమిరా, ఆడ ఫారంలో ఏమని రాసినావు?"

"స్ట్రీట్ అని, తాతా. అప్పటికి తెలీదు కదా."

"ఇప్పుడు తెలిసింది కదా. తెలిసినాక రాసే ఫారం ఇంగా రాలేదులే."

మావాడు కాసేపు మాట్లాడలేదు. రెండో స్థానం వదులుకోవడం మాటలు కాదు, ఇరవై ఏడేళ్ల వాడికి మొదటి కప్పు అది. ఒరిజినల్ బారు దొరికేలోపు పోటీ ఒకటి ఉంది, అందులో పై మెట్టులో నడిపితే గెలిచే మాటే లేదని వాడికీ తెలుసు. సరే చూస్తానని పెట్టేశాడు.

పది రోజులకు మెసేజ్ వచ్చింది. నిర్వాహకులకు తనే చెప్పాడట. అంతకుముందు పోటీల పాయింట్లు వాళ్లు తీసేశారు. ఆ ఆదివారం స్ట్రీట్ టూరింగ్‌లో నడిపాడు. పాత కార్లు విరగ్గొట్టే యార్డులో కంపెనీ బారు ఒకటి దొరికింది, తుప్పు గీకి రంగు వేస్తున్నానని ఫోటో పెట్టాడు. చిన్నాయన కళ్లజోడు పెట్టుకుని ఆ ఫోటో పెద్దది చేసి చూశాడు. బారు మందం ఎంతో కొలిచి పంపమని మాతో రాయించాడు. ఆదివారం ఎన్నో స్థానం వచ్చిందో కూడా అడగమన్నాడు.

ఐదుగురిలో ఐదోవాడట. కోన్లు మాత్రం ఒక్కటీ పడలేదట.